నేల అడిగే రుజువులు

మా మాస్టారి స్మారకోపన్యాసం చేయమని నిర్వాహకులు కోరినప్పుడు కొంత సంకోచించాను. నేను ఎంచుకున్న విషయం మాస్టారు తరగతిలో చెప్పిన పాఠాలకు దూరంగా కనిపించవచ్చు. ఆయన పాఠం చెప్పే తీరుకు మాత్రం దగ్గరదేనని నా నమ్మకం. ఏ కుడ్యచిత్రాన్ని చూపించినా ఆయన దాని అందం గురించి తర్వాత మాట్లాడేవారు. ఎవరి సొమ్ముతో, ఎవరి అనుమతితో, ఎవరి కంట పడడానికి దీన్ని వేశారని ముందు అడిగేవారు. ఆ అనుమతి గురించే ఈనాటి నా ప్రసంగం.

పుట్టిన దేశం విడిచి మరో దేశం చేరిన మనిషి అక్కడివారితో కలిసిపోవడం అన్నది మన కాలపు పెద్ద రాజకీయ ప్రశ్నలలో ఒకటి. పడమటి ప్రభుత్వాలు దీన్ని ఇంటిగ్రేషన్ అంటాయి. చట్టాలు చేస్తాయి, తరగతులు పెడతాయి, పరీక్షలు నిర్వహిస్తాయి. ఈ విషయం మీద నవలలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. కాన్సెప్చువల్ ఆర్ట్ అని పిలిచే భావనా కళ కూడా దీన్ని పట్టుకుంది. వస్తువు కన్నా ఆలోచనకు, రూపం కన్నా ప్రక్రియకు పెద్దపీట వేసే కళ అది. నా ప్రతిపాదన ఒక్కటే. ఈ రంగంలో వచ్చిన బలమైన కృతులు వలస మనిషి వేదనను బొమ్మ కట్టలేదు. రాజ్యం ఆ మనిషి నుంచి అడిగే రుజువులనే ముడిసరుకుగా తీసుకున్నాయి. అడిగినదాన్ని అక్షరాలా నెరవేర్చి చూపించాయి. అలా నెరవేర్చిన ప్రతిసారీ, పరీక్షకు కూర్చున్నది వలస మనిషా, పరీక్ష పెట్టిన రాజ్యమా అన్న సందేహం చూసేవారిలో మొదలైంది.

మనుషులు ఎప్పుడూ కదులుతూనే ఉన్నారు. కదిలే ప్రతివాణ్ణీ కాగితం అడగడం ఇటీవలి సంగతి. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు పడమటి యూరప్‌లో చాలామంది పాస్‌పోర్టు లేకుండానే దేశాలు దాటేవారు. యుద్ధం ఆ అలవాటును తుడిచేసింది. దేశం లేని శరణార్థులకోసం 1922లో నాన్సెన్ పాస్‌పోర్టు అనే ప్రత్యేక పత్రాన్ని కనిపెట్టవలసి వచ్చింది. అయితే ఐరోపావాసి స్వేచ్ఛగా తిరిగిన ఆ పాత రోజుల్లోనే, వలసపాలన కింద ఉన్నవారికి కాగితం తప్పలేదని గుర్తుంచుకోవాలి. 1834 తర్వాత మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారిలో మన కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళు ఉన్నారు. వారికి నంబర్లు కేటాయించారు, టికెట్లు ఇచ్చారు. 1860ల నుంచి ఆ కాగితాలకు ఫోటోలు కూడా తోడయ్యాయి. ప్రపంచంలో ముఖానికీ నంబరుకూ ముడిపెట్టిన తొలి మనుషులలో మన పూర్వీకులు కొందరున్నారు. తెలుగు శ్రోతలకు ఈ విషయం పరాయిది కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత పడమటి ఐరోపాకు చేతులు కావలసి వచ్చాయి. పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో, 1968లో యుగోస్లావియాతో కూలీల నియామక ఒప్పందాలు చేసుకుంది. వచ్చినవారిని అతిథి కార్మికులన్నారు. అతిథి ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోతాడన్నది అందులోని అంతరార్థం. 1973 చమురు సంక్షోభంతో నియామకాలు ఆగిపోయాయి. మనుషులు మాత్రం ఉండిపోయారు. కుటుంబాలు వచ్చి చేరాయి, పిల్లలు పుట్టారు. ఆ పిల్లలకు పౌరసత్వం లేదు. ఎందుకంటే జర్మనీ పౌరసత్వం 1913 నాటి చట్టం ప్రకారం రక్తసంబంధాన్ని బట్టి వచ్చేది, పుట్టిన నేలను బట్టి కాదు.

రచయిత జాన్ బెర్జర్, ఫోటోగ్రాఫర్ ఝాన్ మోర్ కలిసి 1975లో ఈ కార్మికుల గురించి ఒక పుస్తకం తెచ్చారు. పేరు 'ఎ సెవెంత్ మ్యాన్'. అందులోని ఒక వృత్తాంతం నా వాదానికి మూలస్తంభం. దొంగదారిన ఫ్రాన్సుకు వెళ్ళే పోర్చుగీసు పల్లెజనం బయలుదేరే ముందు ఫోటో తీయించుకొని దాన్ని నిలువునా రెండుగా చింపేవారు. ఒక సగం దారి చూపించే దళారికి, మరో సగం తమ దగ్గర. క్షేమంగా ఫ్రాన్సు చేరాక తమ సగాన్ని ఇంటికి పంపేవారు. దళారి తన సగంతో వచ్చి, రెండూ అతికితేనే కుటుంబం దగ్గర సొమ్ము తీసుకునేవాడు. రాతకోతలు లేని ఒప్పందం, కోర్టు అక్కరలేని హామీ, ముఖమే రసీదు. ఆ చిరిగిన ఫోటోలు ఏ గ్యాలరీ కోసమూ చేసినవి కావు. అయినా ఒక ఆలోచన, ఒక ప్రక్రియ, దానికి సాక్ష్యంగా ఒక కాగితం అన్న లక్షణాలన్నీ వాటిలో ఉన్నాయి. భావనా కళ వలస జీవితంలోకి బయటనుంచి వచ్చి చేరలేదని, వలస మనిషి తన అవసరంకొద్దీ ఆ పద్ధతిని ముందే కనిపెట్టుకున్నాడని నేను అనుకుంటాను.

న్యూయార్కులో, లండన్లో కళాకారులు అదే పద్ధతికి మరో దారిన వచ్చారు. 1965లో జోసెఫ్ కోసూత్ ఒక కుర్చీని, దాని ఫోటోను, కుర్చీ అన్న మాటకు నిఘంటువు ఇచ్చిన అర్థాన్ని పక్కపక్కన పెట్టాడు. 1967లో సోల్ లెవిట్ ఆలోచనే కృతిని తయారుచేసే యంత్రమన్న వాదాన్ని వ్యాసంగా రాశాడు. జపాన్ నుంచి వచ్చి న్యూయార్కులో స్థిరపడిన ఆన్ కవారా తాను నిద్రలేచిన వేళను రబ్బరు ముద్రలతో పోస్టుకార్డుల మీద కొట్టి స్నేహితులకు పంపాడు. తేదీ, ముద్ర, సంతకం, ఫైలు, జాబితా కళావస్తువులయ్యాయి. బెంజమిన్ బుక్లో అనే విమర్శకుడు 1990లో దీన్ని పరిపాలనా సౌందర్యమని ఒక విధమైన నిష్ఠూరంతోనే పేర్కొన్నాడు. కళ గుమాస్తా పనిలా తయారైందన్నది ఆయన ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. కాకపోతే, గుమాస్తా బల్లకు అవతలివైపు నిలబడ్డవాడు అదే పరికరాలను చేతబట్టినప్పుడు ఏమవుతుందన్నది ఆయన పరిశీలించిన కాలానికి ఇంకా పూర్తిగా తేలలేదు.

అది తేటతెల్లమైన సంవత్సరం 2000. ఆ జనవరి 1న జర్మనీ కొత్త పౌరసత్వ చట్టం అమలులోకి వచ్చింది. ఎనిమిదేళ్ళుగా చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకు అక్కడ పుట్టిన బిడ్డ పుట్టుకతోనే జర్మన్ పౌరుడవుతాడని అది ఒప్పుకుంది. ఏప్రిల్లో ఆ దేశపు పార్లమెంటు ఒక కళాకృతి మీద వాదించుకొని ఓటు వేసింది. ఆగస్టులో బెల్‌గ్రేడ్ నుంచి ఒక యువతి ఇంటర్నెట్లో పెళ్లి ప్రకటన ఇచ్చింది.

ఆ యువతి పేరు తాన్యా ఒస్టోయిచ్. 1972లో యుగోస్లావియాలోని ఊజిత్సేలో పుట్టింది. ఆమె చిన్నతనంలో యుగోస్లావ్ పాస్‌పోర్టు ఉన్నవారు పడమటి దేశాలకు పెద్దగా అడ్డంకి లేకుండా వెళ్ళివచ్చేవారు. తూర్పు కూటమి దేశాల పౌరులకు దక్కని సౌకర్యమది. దేశం ముక్కలై, యుద్ధాలు, ఆంక్షలు వచ్చి, షెంగెన్ సరిహద్దు గోడ లేచాక ఆ పాస్‌పోర్టుకు విలువ లేకుండా పోయింది. 1968లో ఎవరినైతే ఒప్పందం రాసి మరీ పిలిచారో వారి పిల్లల తరానికి తలుపు మూసుకుంది. ఒస్టోయిచ్ 2000లో వీసా లేకుండా కాలినడకన స్లొవేనియా నుంచి ఆస్ట్రియాలోకి దాటింది. దాన్నే కృతిగా నమోదు చేసింది. అదే ఏడాది బెల్‌గ్రేడ్‌లోని ఆస్ట్రియా కాన్సులేట్ ముందు, చేతిలో పత్రాల కట్టతో, వందలమందితోపాటు పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా ఆరు గంటలు వరుసలో నిలబడింది. కిటికీ మూశారు, ఆమె వంతు రాలేదు. ఆమె ఆ వరుసలో ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. అందరూ చేసిందే చేసింది. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ 2008లో తెరిచేదాకా మద్రాసు వెళ్ళి తెల్లవారుజామున ఫుట్‌పాత్ మీద నిలబడ్డవారు ఈ సభలో ఉన్నారు. వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి నూట ఎనిమిది చేసినవారూ ఉన్నారు. రాజ్యం ముందు నిరీక్షణ దేవుడి ముందు నిరీక్షణ రూపం ఎలా తీసుకుంటుందో వారికి నేను వివరించనక్కరలేదు.

ఇక ప్రకటన. ఐరోపా యూనియన్ పాస్‌పోర్టు ఉన్న భర్త కావాలన్నది దాని శీర్షిక. కృతి పేరు కూడా అదే. దానితోపాటు తన ఫోటో పెట్టింది. ఒంటి మీద బట్ట లేదు. తల గుండు, ఒంటి మీద ఎక్కడా వెంట్రుక లేదు, బక్కచిక్కిన దేహం, ముఖంలో నవ్వు లేదు. వధువు ఫోటో మీద వరుడు ఏమేమి వెతుకుతాడో అవేవీ అందులో లేవు. చూసినవారికి గుర్తొచ్చేది నిర్బంధ శిబిరాల చిత్రాలు. మన ఆదివారపు దినపత్రికల వివాహ ప్రకటనల్లో గ్రీన్ కార్డు, హెచ్-1బి అన్న మాటలు వయసు, ఎత్తుల సరసన కూర్చోవడం మనకు అలవాటే. అక్కడ పత్రం ఆకర్షణల్లో ఒకటి. ఒస్టోయిచ్ మిగతా ఆకర్షణలన్నిటినీ తీసేసి పత్రాన్ని ఒక్కదాన్నే మిగిల్చింది.

ఐదువందలకు పైగా ఉత్తరాలు నడిచాయి. వాటిలో జర్మన్ కళాకారుడు క్లెమెన్స్ గోల్ఫ్‌తో నడిచినవి ఆరు నెలలు సాగాయి. 2001లో బెల్‌గ్రేడ్ సమకాలీన కళా మ్యూజియం ముందు ఇద్దరూ మొదటిసారి కలుసుకున్నారు. ఆ కలయికే బహిరంగ ప్రదర్శన. నెల తర్వాత న్యూ బెల్‌గ్రేడ్‌లో చట్టప్రకారం పెళ్లి. వివాహపత్రం జతచేసి దరఖాస్తు పెడితే రెండు నెలలకు ఒకసారి ప్రవేశానికి, మూడు నెలల గడువుతో కుటుంబ పునరేకీకరణ వీసా వచ్చింది. డ్యూసెల్డార్ఫ్ వెళ్ళింది. తర్వాత మూడేళ్ళ అనుమతి. 2005 వసంతంలో ఆ గడువు తీరింది. శాశ్వత నివాసానికి బదులు మరో రెండేళ్ళ వీసా మాత్రమే చేతికొచ్చింది. ఇద్దరూ విడాకులు తీసుకున్నారు. జులై 1న బెర్లిన్‌లోని గ్యాలరీ 35లో 'ఇంటిగ్రేషన్ ప్రాజెక్ట్ ఆఫీస్' అనే ప్రదర్శన ప్రారంభమైంది. ఆ సందర్భంగానే విడాకుల విందు జరిగింది. ఉత్తరాలు, పెళ్లి ఫోటోలు, వివాహపత్రం, వీసాలు ఒక కార్యాలయం తరహాలో అమర్చారు.

ఈ ఐదేళ్ళ కథలో ఏ ఘట్టంలోనూ చట్టం మీద దాడి లేదు. నినాదం లేదు. కుటుంబ పునరేకీకరణ అన్న నిబంధన ఏది అడిగితే అది ఇచ్చింది. ప్రేమ ఉందా అని చట్టం అడిగింది, ఉత్తరాలు చూపించింది. పెళ్లి నిజమా అని అడిగింది. ముద్ర పడిన కాగితం చూపించింది. కళ్ళారా చూసిన సాక్షులు కావాలంటే మ్యూజియం ముందు ఒక సభనే పోగేసింది. ఇంత సాక్ష్యం ఉన్న పెళ్లి అరుదు. అయినా దాన్ని చూసిన ప్రతివారూ ఇది నిజం పెళ్లి కాదంటారు. ఎందుకు కాదో చెప్పబోతే, ఏది నిజమైన పెళ్లో తేల్చవలసిన పని మన నెత్తిన పడుతుంది. పడకగది దాకా వెళ్ళి విచారించే అధికారిదీ అదే ఇబ్బంది. కృతి బలమంతా ఆ ఇబ్బందిని మనకు బదిలీ చేయడంలో ఉంది.

ఒస్టోయిచ్ విడాకులు తీసుకున్న 2005లోనే, ఆ జనవరి 1న, జర్మనీ వలసల చట్టం ఇంటిగ్రేషన్ కోర్సును ప్రవేశపెట్టింది. మొదట్లో 600 గంటల భాష, 30 గంటల చట్టమూ చరిత్రా సంస్కృతీ. 2008 సెప్టెంబరు నుంచి పౌరసత్వానికి 33 ప్రశ్నల పరీక్ష. 17 సరైతే చాలు. భాష నేర్పడంలో తప్పేముంది? ఏమీ లేదు, నేర్పకపోవడమే అంతకుముందు నలభై ఏళ్ళు జరిగిన అన్యాయం. నా దృష్టి మరో వైపు. గంటలు, సంవత్సరాలు, గడువులు — రాజ్యం వలస మనిషి నుంచి పుచ్చుకునేది కాలం. మూడు నెలలు, మూడేళ్ళు, రెండేళ్ళు అంటూ చిన్న చిన్న మొత్తాలుగా అతని సొంత భవిష్యత్తునే అతనికి అప్పిస్తుంది. అందుకే ఈ కళకు అసలు ముడిసరుకు దేహమూ కాగితమూ కన్నా కాలమేనని నాకు తోస్తుంది.

కాలాన్ని ఈ విధంగా వాడినవారిలో తైవాన్ నుంచి వచ్చిన టెచింగ్ సియే అగ్రగణ్యుడు. 1974లో ఓడ కళాసీగా వచ్చి ఫిలడెల్ఫియా దగ్గర ఓడ దిగి మళ్ళీ ఎక్కలేదు. న్యూయార్కులో హోటళ్ళలో గిన్నెలు కడిగాడు. పద్నాలుగేళ్ళు, 1988లో క్షమాభిక్ష దొరికేదాకా, చట్టం దృష్టిలో లేని మనిషిగానే ఉన్నాడు. 1978లో అమెరికా వలసల శాఖ వెతుకుతున్న నేరస్థుడి పోస్టరు మాదిరిగా తన ఫోటో, వేలిముద్రలతో తానే ఒక పోస్టరు వేసుకున్నాడు. 1980 ఏప్రిల్ 11 నుంచి ఏడాదిపాటు గంటగంటకూ, రాత్రీ పగలూ, ఫ్యాక్టరీ కార్మికుల హాజరు గడియారంలో కార్డు గుద్దాడు. మొత్తం 8,760 గంటల్లో తప్పిపోయినవి 133. ప్రతిసారీ ఒక ఫ్రేము ఫిల్ము. మొదట్లో గుండు, చివరికి భుజాల దాకా జుట్టు. మరుసటి ఏడు మొదలుపెట్టి మరో సంవత్సరం పైకప్పు కిందికి రాకూడదన్న నియమంతో న్యూయార్కు వీధుల్లోనే బతికాడు. సియే తన పనిని వలస రాజకీయంగా చదవడాన్ని అంతగా ఇష్టపడడు. తాను గడిపినది కాలాన్ని మాత్రమేనంటాడు. ఆయన మాటను గౌరవిస్తూనే, ఉద్యోగం చేసే హక్కే లేని మనిషి ఏడాదంతా ఒక్క పూట సెలవు లేకుండా హాజరు వేయించుకోవడంలోని అర్థాన్ని నేను పక్కన పెట్టలేను.

ఈ కళ మీద వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. ఒస్టోయిచ్‌కు ప్రదర్శనశాల ఉంది, సియేకు చరిత్రలో చోటు దొరికింది. ఆ వరుసలో ఆమె ముందూ వెనకా నిలబడ్డవారికి ఏం దొరికింది? మధ్యవర్తి చేతికి డబ్బిచ్చి కాగితం పెళ్లి చేసుకున్న స్త్రీ పట్టుబడితే ఆమెను దేశం నుంచి పంపేస్తారు. కళాకారిణి చేస్తే విమర్శకులు వ్యాసాలు రాస్తారు. ఈ తేడాను కొందరు దాచలేదు. స్పెయిన్ కళాకారిణి నూరియా గ్వెల్ 2008లో హవానాలో ఇదే ఆటను బల్లకు అవతలివైపు నుంచి ఆడింది. స్పెయిన్ వెళ్ళాలనుకునే ఏ క్యూబన్ పురుషుడికైనా భార్యనవుతానంది. అందరికన్నా అందమైన ప్రేమలేఖ రాసినవాడికే అంది. తీర్పు చెప్పడానికి ముగ్గురు వేశ్యలను నియమించింది. పాస్‌పోర్టు ఉన్నవారి చేతిలో ఎంత బలముందో అది నిర్దాక్షిణ్యంగా చూపిస్తుంది. నాకు ఆ కృతి నచ్చదు. నచ్చకపోయినా దాని తర్కం తప్పని చెప్పలేను. కళాకారిణి తానియా బ్రుగేరా న్యూయార్కు క్వీన్స్‌లో 2011లో వలసవాసుల మధ్య ఒక దుకాణం గదిలో కేంద్రం తెరిచి ఇంగ్లీషు తరగతులు, న్యాయసలహా నడిపింది. అది ఉపయోగపడింది. కళగా అది ఎంత నిలుస్తుందన్నది నాకు ఇంకా తేలని లెక్క.

పార్లమెంటు ఓటు సంగతి మధ్యలో వదిలాను. బెర్లిన్‌లోని రైష్‌టాగ్ భవనం ముఖద్వారం మీద 1916లో అమర్చిన శాసనం ఆ భవనాన్ని జర్మన్ జాతిజనులకు అంకితం చేస్తుంది. 1965 నుంచి న్యూయార్కులో ఉంటున్న జర్మన్ కళాకారుడు హాన్స్ హాకే అదే అక్షరాల తీరులో, లోపలి ప్రాంగణంలో, ఆ దేశంలో నివసించే జనాభాకు అంకితమంటూ కొత్త శాసనాన్ని ప్రతిపాదించాడు. చుట్టూ మట్టి, ప్రతి సభ్యుడూ తన నియోజకవర్గం నుంచి తెచ్చి పోయాలి. అందులో ఏ గింజ మొలిస్తే అది పెరగనివ్వాలి, ఎవరూ కలుపు తీయకూడదు. వాదోపవాదాల తర్వాత 260 మంది సరేనన్నారు, 258 మంది వద్దన్నారు. ఒక శాసనసభ తన ప్రాంగణంలోని కళాకృతిలో తాను ఎవరికి ప్రాతినిధ్యం వహిస్తోందో చదువుకొని, రెండు ఓట్ల తేడాతో ఒప్పుకుంది. ఇక్కడ ఇంటిగ్రేషన్ పరీక్ష రాసింది సభ్యులే.

ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ జర్మనీలోని కాసెల్ నగరంలో ఉంది. నైజీరియాలో పుట్టిన ఒలు ఒగ్విబే 2017 డాక్యుమెంటా కళాప్రదర్శనకు నగరం నడిబొడ్డున, రాజు పేరిట ఉన్న కూడలిలో 16 మీటర్ల కాంక్రీటు స్తంభం నిలిపాడు. పరదేశిని ఆదరించడం గురించిన బైబిల్ వాక్యం దాని మీద జర్మన్, ఇంగ్లీషు, అరబిక్, టర్కిష్ భాషలలో ఉంది. నగరపు కళాపురస్కారం దానికే వచ్చింది. దాన్ని ఉంచుకోవడానికి విరాళాలు సేకరించారు. కూడలిలోనే ఉండాలని కళాకారుడు, వేరేచోటికి మార్చాలని నగర సభ పట్టుపట్టారు; కుడిపక్ష సభ్యుడొకరు దాన్ని వికృత కళ అన్నాడు. 2018 అక్టోబరు 3న, జర్మన్ల ఐక్యతా దినాన, దాన్ని ఊడదీశారు. మరుసటి ఏడాది కొంతదూరంలోని ట్రెప్పెన్‌స్ట్రాసెలో తిరిగి నిలిపారు. తాత్కాలిక అనుమతి, గడువు ముగింపు, తొలగింపు, షరతులతో పునఃప్రవేశం, కేటాయించిన చోట నివాసం — ఒక వలస మనిషి ఫైలులో ఉండే ఘట్టాలన్నీ ఆ స్తంభానికి జరిగాయి.

చివరిగా మనవారి విషయం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళేవారి ముందు ఐరోపా పెట్టే పరీక్ష ఉండదు. అక్కడి రాజ్యాలు కూలీని కలిసిపొమ్మని అడగవు; అడిగే ఉద్దేశమూ లేదు. కఫాలా పద్ధతిలో అతని ఉనికి యజమానికి ముడిపడి ఉంటుంది. పాతికేళ్ళు పనిచేసినా పౌరసత్వానికి దారి లేదు. అందువల్ల అడిగినదాన్ని అతిగా నెరవేర్చి అడిగినవాణ్ణి ఇరుకున పెట్టే ఒస్టోయిచ్ పద్ధతి దుబాయిలో చెల్లదు. 2011లో అబుధాబీ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం కట్టే కార్మికుల హక్కుల కోసం 130 మందికి పైగా కళాకారులు ఆ సంస్థను బహిష్కరిస్తూ గల్ఫ్ లేబర్ పేరిట సంతకాలు చేశారు. తమ కృతిని ఇవ్వకపోవడమే వారి చేతిలోని ఆయుధమైంది. మన ప్రాంతపు కళాకారుల ముందున్న పని ఇంకా కష్టమైనది. కలిసిపోయే ప్రశ్నే తలెత్తని చోట ఇరవయ్యేళ్ళు గడిపి తిరిగొచ్చిన మనిషి, సొంత ఊళ్ళో మళ్ళీ కలిసిపోవలసి వస్తుంది. అప్పుడతణ్ణి రుజువులు అడిగేది రాజ్యం కాదు, సొంత ఇల్లు. ఆ ఇంటి దగ్గర ఏ పరీక్ష ఉందో, ఏ కాగితం చెల్లుతుందో ఇంతవరకు మన కళ పట్టించుకోలేదు. ఆ పని ఈ సభలోని యువ కళాకారులదని నా అభిప్రాయం. దానికి ముడిసరుకు మీ జిల్లాల్లోనే, ట్రంకు పెట్టెల అడుగున ఉన్న రద్దయిన పాస్‌పోర్టుల్లో, అరబిక్‌లో రాసిన ఒప్పందాల్లో, అప్పు పత్రాల్లో ఉంది.